నేను గుర్తుపట్టని మనిషి

డెబ్బైల్లో నేను విజయవాడలో ఓ మహిళా కాలేజీలో బి.ఏ. చదివేదాన్ని. ఓ రోజు మా కాలేజీలో విశ్వమానవ దినం జరిపారు. కులం, మతం, దేశం ఏదైనా మనుషులంతా ఒక్క కుటుంబమేనని పొద్దున సభలో నేను ఉపన్యసిస్తే చప్పట్లు మోగిపోయాయి.

మధ్యాహ్నం సేవా కార్యక్రమానికి మమ్మల్ని కాలవగట్టు మీది పేటకి తీసుకెళ్లారు. పొద్దుటి ఉత్సాహంలోనే ఓ పాక ముందు ఆగి, గుమ్మంలో కూర్చున్న ఆవిడతో, "ఏమ్మా, వాకిలి ఇట్టా ఉంచుకుంటే పిల్లలకి రోగాలు రావూ? ఊడ్చుకోవాలని తెలీదా?" అన్నాను.

ఆవిడ కంగారుగా లేచింది. "నిజమేనండీ. ఇవాళ మీటింగు గదండీ, కాలేజీలో కుర్చీలన్నీ సర్ది వచ్చేసరికి ఈ వేళయింది."

"ఏ కాలేజీ?" అన్నాను.

"మీదేనండీ! మీ క్లాసు నేనే ఊడుస్తా. మీరు కిటికీ పక్క బెంచీలో కూర్చుంటారు గదా! పొద్దున మీ మాటలు కూడా గుమ్మం దగ్గర నిలబడి విన్నానండీ. ఎంత బాగా చెప్పారో!"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే తలెత్తలేకపోయాను. రెండేళ్లుగా రోజూ నా పక్కనుంచి చీపురు పట్టుకుని వెళ్లే మనిషి ముఖం నేను ఒక్కసారైనా చూడలేదు. గుమ్మం పక్కనున్న చీపురు తీసుకుని నేనే వాకిలి ఊడవబోతే, "మీకెందుకండీ, చీర పాడవుద్ది" అని చీపురు లాక్కుంది.

మర్నాడు క్లాసులో ఆవిడ ఎదురైతే, క్షమించమని అడిగే ధైర్యం చాలక, పేరు మాత్రం అడిగాను.

"సువార్తమ్మండీ" అంది, అడిగినందుకే సంబరపడిపోతూ. ఆ సంబరం చూశాక ముందురోజు కంటే ఎక్కువ సిగ్గేసింది. ఇప్పటికీ అది తగ్గలేదు.

– ఒక పాఠకురాలు, పామర్రు