ఇంజను గదిలో బూట్లు

మా మండపేటకు గల్ఫు గాలి సోకిన ఆ రోజుల్లో, ఇరవై దాటిన ప్రతి కుర్రాడి జేబులోనూ ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో ఉండేది. ఎవరు ఎప్పుడు అడుగుతారో తెలియదు కదా. మస్కట్ ఎక్కడుందో తెలియకపోయినా, మస్కట్ నుంచి వచ్చిన టేప్‌రికార్డరు ఏ ఇంట్లో మోగుతోందో మాత్రం అందరికీ తెలుసు. నేనూ ఫొటో తీయించుకున్నాను. (అందులోని కోటు స్టూడియోవాడిది. వెనక పిన్నీసులతో బిగించాడు గనుక ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ ఉబ్బిన ముఖం నాదేనని తర్వాత పదకొండేళ్లు పరాయి దేశం అధికారులు పాపం నమ్మారు.) ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పుకునే సంగతులే గానీ, ఇప్పుడు పనిగట్టుకుని రాయడానికి కారణం వేరే ఉంది. నా మొదటి అవకాశం మా మావయ్య వల్లే చెడిపోయిందని మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మా పక్కింట్లోనే ఉండేవాడు. రైసు మిల్లులో ఇంజను డ్రైవరు. కరెంటు పోయినప్పుడు మిల్లును నడిపే పెద్ద ఆయిల్ ఇంజను ఆయన చేతి కింద ఉండేది, నేను ఆయన చేతి కింద ఉండేవాణ్ణి. ఆ గదికి కొన్ని పద్ధతులుండేవి. గుమ్మం బయటే చెప్పులు విడవాలి. లోపలికెళ్లి ముందు చక్రాన్ని తాకి కళ్లకద్దుకోవాలి. ఆ తర్వాతే హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యాలి. ఒకసారి మిల్లు ఓనరుగారే ఏదో ధ్యాసలో చెప్పులతో లోపలికొచ్చేశారు. మావయ్య చేతులు కట్టుకుని, "మిల్లు మీదేనండి, కాదనను. ఇంజను మాత్రం వినదండి" అన్నాడు. ఓనరుగారు వెనక్కెళ్లి చెప్పులు విడిచి వచ్చారు. అలాంటి గదిలో నేను ఐదేళ్లు పని నేర్చుకున్నాను.

ఎదురింటి బావ నాకంటే రెండేళ్లు పెద్దవాడు, పది రెట్లు తొందర మనిషి. ఒకరోజు మిల్లుకు పరిగెత్తుకొచ్చాడు. "యానాం లాడ్జీలో ఒకాయన దిగాడు బావా. విజిట్ వీసా ఇప్పిస్తాడంట. పదిహేను రోజుల్లో విమానం. అక్కడ దిగాక పని మనమే చూసుకోవచ్చంట."

మావయ్య చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ, "ఒరేయ్, మిల్లులోంచి బస్తా బయటికెళ్లాలంటే గేటు చీటీ కావాలా, అక్కర్లేదా?" అన్నాడు.

"కావాలి."

"చీటీ లేకుండా గోడ దాటిన బస్తాని ఏమంటారు?"

"దొంగ బస్తా అంటారు."

"మరి మీరు బియ్యం పాటి చెయ్యరా?"

బావ అప్పటికి తగ్గాడు. నన్ను మాత్రం మావయ్య సర్కారు దారిలో పెట్టాడు. మద్రాసులో లైసెన్సు ఉన్న ఏజెంటు, పనేమిటో జీతమెంతో రాసిన అగ్రిమెంటు, పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ ముద్ర. ఇవేవీ లేకుండా కదలడానికి వీల్లేదన్నాడు. పాస్‌పోర్టు తెచ్చుకుని ఏజెంటు పిలుపు కోసం ఎదురుచూడ్డానికే ఎనిమిది నెలలు పట్టింది. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ "మీవాడు ఎలాంటివాడమ్మా?" అనడిగితే, అమ్మ నిజాయితీగా "పొద్దున్నే లేవడండి" అంది. (అదృష్టవశాత్తూ ఆయన రాసుకోలేదు.) ఆ ఎనిమిది నెలలూ నేను మావయ్యను లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. చివరికి మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ట్రేడ్ టెస్టుకు రమ్మన్నారు. అది పాసైతే మస్కట్‌లో డీజిల్ మెకానిక్కు ఉద్యోగం.

మద్రాసులో ఓ రేకుల షెడ్డు. లోపల మొరాయించిన డీజిల్ ఇంజను. పరీక్షించే పెద్దమనిషి కంపెనీ తరఫున వచ్చాడు, పక్కన తెలుగు తెలిసిన గుమాస్తా. షెడ్డు బయట టెస్టుకొచ్చిన మాకందరికీ తలా ఒక జత బూట్లు ఇచ్చారు. అంత గట్టి బూట్లు నేనెప్పుడూ చూడలేదు. వేసుకుని గుమ్మం దాకా టకటకా నడిచాను. లోపల ఇంజను కనపడింది. ఇక నా కాళ్లకు నేను చెప్పేదేముంది? బూట్లు విప్పి, గుమ్మం పక్కన జత కలిపి పెట్టి, ఉత్త కాళ్లతో లోపలికెళ్లాను. చక్రాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. ఒకసారి తిప్పి చూడగానే డీజిల్ గొట్టంలో గాలి చేరిందని చెవికే తెలిసిపోయింది. నట్టు వదులు చేసి గాలి తీసేశాను. రెండు తిప్పులకు ఇంజను అందుకుంది. గర్వంగా వెనక్కి తిరిగాను. పెద్దమనిషి నా కాళ్ల వైపు చూస్తున్నాడు.

"బూట్లేవి?" అన్నాడు గుమాస్తా.

"బయట పెట్టానండి."

"పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఇంజను దగ్గరికి బూట్లతో ఎలా వస్తామండి?"

"కాలి మీద స్పానరు పడితే?"

"మా మావయ్య కాలి మీద ఓసారి పడిందండి. ఆయన ఏమీ అనుకోలేదండి."

ఈ చివరి మాట ఇంగ్లీషులోకి మార్చాలా వద్దా అని గుమాస్తా కాసేపు ఆలోచించాడు. మార్చాడు. పెద్దమనిషి నవ్వాడు, నవ్వుతూనే నా పేరు కొట్టేశాడు.

తిరుగు రైల్లో తణుకు దాటేదాకా నాకు అవమానమే. నిడదవోలు వచ్చేసరికి అవమానం కాస్తా అబద్ధమైంది. ఇంటి అరుగు మీద వీధి వీధంతా కూర్చుని ఉంది. "బూట్లు విప్పినందుకు వద్దన్నారు" అని ఆ ముఖాలకు ఎలా చెప్పను? "మావయ్య చూపించిన ఏజెంటు సరైనవాడు కాదు. అక్కడ టెస్టూ లేదు, ఉద్యోగమూ లేదు" అన్నాను. అమ్మ ఒక్కసారిగా తమ్ముడి మీద విరుచుకుపడింది. "నీ ముద్రలూ నీ చీటీలూ! ఆ యానాం ఆయనతో వెళ్లుంటే ఈపాటికి పిల్లాడు అక్కడ ఉండేవాడు కదరా!"

మావయ్య నా వైపు చూసి ఒకటే అడిగాడు. "ఇంజను ముట్టుకున్నావా?"

"టెస్టే లేదన్నాను కదా" అన్నాను గోడను చూస్తూ. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మిల్లుకు వెళ్లిపోయాడు.

నా మాటకు ఫలితం వెంటనే కనపడింది. సర్కారు దారి దండగని తేల్చుకుని, బావ మూడో రోజుకే, మళ్లీ వచ్చిన ఆ యానాం ఏజెంటుతో వెళ్లిపోయాడు. ఆ ఏజెంటు బావను బొంబాయి దాకా తీసుకెళ్లి, ఓ లాడ్జీలో కూర్చోబెట్టి, టీ తాగొస్తానని వెళ్లాడు. ఆ టీ ఇప్పటికీ పూర్తికాలేదు. బావ మూడు నెలలు హోటల్లో ప్లేట్లు కడిగి ఊరికొచ్చి, పూరీల కొట్టు పెట్టాడు. వీధిలో ఆయన పేరు బొంబాయి బావ. ఆయన నవ్వుతూనే చెప్పుకునేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, గొంతులో పూరీ అడ్డం పడుతుండగా.

బావ తిరిగొచ్చిన వారానికి, మావయ్య రాజమండ్రి నుంచి ఒక జత పాత బూట్లు తెచ్చి నా ముందు పడేశాడు. "రేపట్నుంచి ఇంజను గదిలోకి ఇవి వేసుకుని రా."

"మరి ఇంజను..." అన్నాను.

"దానికి నేను చెప్పుకుంటాలే."

నిజంగానే చెప్పుకునేవాడు. రోజూ పొద్దున్న నాకంటే ముందు ఉత్త కాళ్లతో లోపలికెళ్లి, చక్రం మీద చెయ్యి వేసి ఏదో గొణిగేవాడు. తర్వాత బయటికి చూసి "ఊఁ, రా" అనేవాడు. నేను దొంగలా టకటకమంటూ వెళ్లేవాణ్ణి. రెండు నెలలకు బూట్లతో నడవడం వచ్చింది. అప్పుడే, వాషర్ల డబ్బాలో చెయ్యి పెడితే ఒక ఉత్తరం దొరికింది. మద్రాసు ఏజెంటుది. నేను తిరిగొచ్చిన నాలుగో రోజు తేదీ. "కుర్రాడికి పని బాగా వచ్చు. బూట్లు విప్పేసినందున తీసుకోలేదు. అలవాటు చేయించి మళ్లీ పంపగలరు." వీధంతా తనను దులిపేస్తున్న రోజుల్లో ఆయన దగ్గర ఆ కాగితం ఉంది. చదివి మళ్లీ అక్కడే పెట్టేశాను. అడగలేదు, ఒప్పుకోలేదు. రెండోసారి టెస్టు పాసై, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, దర్జాగా విమానమెక్కాను. అబద్ధాన్ని ఇంటి దగ్గరే వదిలేశాను.

మొన్న ఇది రాద్దామని కూర్చుని, ముందు ఆయనకు చెప్పడం ధర్మమనిపించి మా పాత వీధికి వెళ్లాను. మావయ్యకు డెబ్బై దాటాయి. ఇంజను మోతకు చెవులు మందగించాయి. అరుగు మీద పక్కన కూర్చుని, "ఆ రోజు తప్పు నాదే మావయ్యా" అన్నాను.

"ఏంటి?"

"తప్పు నాదే. టెస్టు జరిగింది. బూట్లు విప్పేశాను."

"గట్టిగా చెప్పరా, వినపడదు."

లేచి నిలబడి అరిచాను. "ఏజెంటు మంచోడే! అబద్ధం ఆడింది నేనే!" వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా బొంబాయి బావ జల్లిగరిటె చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. నా వైపు చాలాసేపు చూసి, "ఆ మాట అప్పుడే అనుంటే నేను బొంబాయి చూసేవాణ్ణి కాదు కదా బావా" అని లోపలికెళ్లిపోయాడు. కోపమో, కృతజ్ఞతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మావయ్య నన్ను మళ్లీ కూర్చోబెట్టాడు. "మొదటిసారే వినపడిందిరా" అన్నాడు మెల్లిగా. "వీధికి కూడా వినపడాలి కదా."

తర్వాత ఆయన, ఇన్నేళ్లు దాచుకున్న మాటలా అడిగాడు. "ఇంతకీ ఆ రోజు ఇంజను స్టార్టయిందా?"

"రెండే తిప్పులకి."

"అదీ" అన్నాడు. వీధి మలుపు తిరిగాక గానీ చూసుకోలేదు, చెప్పులు ఆయన గుమ్మం దగ్గరే జత కలిపి వదిలేసి, ఉత్త కాళ్లతో వచ్చేశాను.