అత్తగారి కుర్చీ కింద బాస్

ఈ వీధి పళ్ల డాక్టరు పాట కోసం అత్తగారి ఇల్లే పెకిలించాడు. సరే, ఇల్లు కాదు, కుర్చీ. ఆయన దగ్గర తలుపులంత ఎత్తున్న రెండు ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లున్నాయి. వాటిలో గొంతు వెన్నలా పలుకుతుంది గానీ డోలు మోగదు. అందుకని డోలు మోత పలికించే పెట్టె, సబ్‌వూఫర్, కొన్నాడు. దాని మోత, అదే బాస్, పాట వెనకాల రొప్పుకుంటూ వచ్చేది. చివరికి ఆ పెట్టెను తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను మోకాళ్ల మీద గదంతా పాకుతూ విన్నాడు. మోత ఎక్కడ బాగుంటే పెట్టెకు అదే చోటు. తీరా అది ఏదో గొడవపడి ఏడాదిగా తనతో మాటల్లేని అత్తగారి కాళ్ల దగ్గర కుదిరింది. ఆయన తప్పు ఒప్పుకునేదాకా తను కూర్చున్న కుర్చీ కదలదని ఆవిడ పంతం.

"అల్లుడుగారూ, ఎట్టకేలకు కాళ్ల మీద పడ్డారా?"

ఆయన మరోసారి చెవి ఒగ్గి విన్నాడు. అమోఘంగా ఉంది.

"తప్పంతా నాదే అత్తయ్యా. కాస్త జరగండి."

ఇప్పుడు గొంతూ డోలూ కలిసే వస్తున్నాయి. అడిగితే మాత్రం, "పాకడమా? నేనా? గాలి తగలట్లేదని ఆవిడే జరిగారు," అంటాడు.