అచ్చిరాని స్కాన్

తాతయ్య కిడ్నీలో రేగిపండంత గడ్డ ఉందని తేలింది నందిగామ స్కానింగ్ సెంటర్లో. రెండువేల దశకం చివర, నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. వెళ్ళింది కడుపుబ్బరం చూపించుకోవడానికి. గ్యాస్ మాత్రం లేదట. అదొక్కటే శుభవార్త.

విజయవాడ డాక్టరు ఫిల్ములు లైటుకు పెట్టి చూశారు. "కాన్సరే కావచ్చు. కానీ చిన్నది, మెల్లగా పెరిగే రకంలా ఉంది. మీకా డెబ్భై ఎనిమిది, గుండె వీకు. కోసేకన్నా కనిపెట్టి ఉండటం మేలు. ఆరు నెలలకోసారి స్కాన్ తీయించండి, పెరిగితే అప్పుడు చూద్దాం" అన్నారు.

జగ్గయ్యపేట ఇంటికొచ్చాక నాయనమ్మ ఎగిరిపడింది. "గడ్డుందంటాడు, తియ్యనంటాడు. చూస్తా కూచోటానికి డాక్టరెందుకు, నేను చాలనా?"

"నీ కళ్ళజోడు పవరు చాలదు నాయనమ్మా" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆ ఆరు నెలలూ తాతయ్య పక్కటెముకల కింద నొక్కి చూసుకుంటూనే ఉన్నాడు, సైకిల్ టైరులో గాలి చూసినట్టు.

గడువు రాగానే నాయనమ్మ, "ఆ నందిగామ మనకి అచ్చిరాలేదు. ఈసారి మనూళ్ళోనే తీయించండి" అంది. మా ఇంట్లో బట్టల కొట్టు దగ్గర్నుంచి బస్సు దాకా అన్నీ అచ్చిరావాల్సిందే. జగ్గయ్యపేటలోనే తీయించాం. గడ్డ నాలుగు మిల్లీమీటర్లు పెరిగిందని రాశారు.

ఇక ఆపరేషన్ తప్పదని, టీచరైన నాన్న స్కూల్లో సెలవు పెట్టేశాడు. ఆ సాయంత్రం తాతయ్య నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. "ఒరే, కోస్తే నా గుండె తట్టుకుంటదంటావా?" నా దగ్గర జోకు సిద్ధంగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి, "డాక్టర్నే అడుగుదాం తాతయ్యా" అన్నాను.

విజయవాడ డాక్టరు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టారు. "సెంటరెందుకు మార్చారు?"

అందరం నాయనమ్మ వైపు చూశాం. ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఆ మిషను వేరు, కొలిచిన చెయ్యి వేరు. ఆ మాత్రం తేడా రావచ్చు. పాత చోటే మళ్ళీ తీయించండి. కోత సంగతి ఆ తర్వాత."

జీవితమంతా పత్తి పండించి అమ్మిన తాతయ్య నుదురు కొట్టుకున్నాడు. "ఒకే పత్తి బోరెం రెండు కాటాల మీద ఒకే తూకం రాదని నాకు తెలీదా! పత్తికి పనికొచ్చిన తెలివి ఒంటికి రాలేదు."

నందిగామ మిషను మొదటి కొలతే మళ్ళీ చూపించింది. కోత తప్పింది. తిరుగు బస్సులో నాయనమ్మ తేల్చేసింది: "చూశారా, నందిగామ మనకి అచ్చొచ్చింది!"

నేను నవ్వాను. తాతయ్య రిపోర్టు కవరు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

"మళ్ళీ ఎప్పుడ్రా?"

"ఆరు నెలలకి తాతయ్యా."

"అంటే పత్తి తీతలప్పుడు" అన్నాడు. ఆయన చెయ్యి మళ్ళీ పక్కటెముకల కిందికి పోయింది.