తిప్పయ్య పట్టిన నియమం

కుందుర్పి చుట్టుపక్కల బోరు వేయాలనుకున్న రైతు మొదట తిప్పయ్య ఇంటికి వచ్చేవాడు. తిప్పయ్య అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా తిరిగేవాడు. ఒకచోట కాయ నిలువుగా లేచేది. అదే పాయింటు. అక్కడ మడమతో గట్టిగా తొక్కి "ఈడ ఉండాది, వెయ్యండప్పా" అనేవాడు. నీళ్లు పడితే ఆయన పేరు ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు. పడకపోతే "నీళ్లు ఉండె, మీకు రాసిపెట్టి లేదు" అనేసి తువ్వాలు దులుపుకుని వచ్చేసేవాడు. ఆ మాట అనడానికి ఏనాడూ జంకింది లేదు.

ఆ వేసవిలో బళ్లారి వైపు నుంచి నలుగురు జైన సాధ్వులు కాలినడకన వచ్చారు. తెల్లబట్టలు, నోటికి అడ్డంగా తెల్లగుడ్డ, కాళ్లకు చెప్పుల్లేవు. రాయదుర్గంలో బట్టల అంగడి నడిపే సేటు ఒకాయన వాళ్ల వెంట నడుస్తున్నాడు. ఎండ ముదిరేసరికి ఊరి బడి వరండాలో ఆగారు. చూడ్డానికి పోయినవాళ్లు పండ్లు, దుడ్లు ముందు పెట్టబోతే సేటు వారించాడు. వాళ్లు అడిగేది ఒక్కటేనట, ఏదో ఒకటి విడిచిపెడతామన్న మాట. బీడీ మానొచ్చు, తిట్లు మానొచ్చు. మాట నిలబెట్టుకుంటే అదే వాళ్లకు పెట్టిన భిక్ష.

తిప్పయ్య భార్య కదిరమ్మ శనివారం మాంసం తిననని మాటిచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె శనివారం మాంసం ముట్టింది లేదు. సాధ్వుల్లో పెద్దావిడకు ఆ సంగతి తెలిసిపోయిందో ఏమో, కళ్లతోనే నవ్వింది.

అంత చిన్నది ఇవ్వడం తిప్పయ్యకు నామోషీ అనిపించింది. ఊరంతా చూస్తోంది. "కండ్లతో చూడనిది నోటితో చెప్పనమ్మా, బతికినన్ని దినాలు" అన్నాడు చేతులు జోడించి. ఆయన మనసులో ఉన్నది టీ అంగడి దగ్గర సాగే చాడీలు మానడమే. పెద్దావిడ కన్నడంలో నిదానంగా చెప్పింది: మోయగలిగినంతే ఎత్తుకో, నోరు కట్టేయడం తేలిక, కట్టేశానన్న గర్వాన్ని కట్టేయడమే కష్టం. తిప్పయ్యకు కన్నడం బాగానే వచ్చు. కానీ వెనకాల జనం భలే భలే అంటున్నారు. ఆయన చెవులు అటే ఉన్నాయి.

ఇంటికి పోయే దారిలో కదిరమ్మ అడిగింది. "బాగనే చెప్పినావు గానీ, భూమి లోపల నీళ్లు నువ్వు యాడ చూసినావు? రేపట్నుంచి పాయింటు ఎట్ల పెడ్తావు?"

తిప్పయ్య నడిదారిలో ఆగిపోయాడు. ఆ సంగతి ఆయనకు తట్టనేలేదు.

"పోయి వెనక్కి తీసుకో. ఇంకా ఆడనే ఉంటారు."

"అందరి ముందర అన్నా కదా మే! ఎట్ల తీసుకునేది?"

కొబ్బరికాయ పక్కకు పోయింది. తిప్పయ్య ఉపాధి పనికి పోసాగాడు. మొదట్లో జనం ఆయన్ని ఆటపట్టించారు. "తిప్పన్నా, నీకు వీపు ఉండాదా లేదా చెప్పు. ఎప్పుడన్నా చూసుకున్నావా?" అని టీ అంగడి చెన్నప్ప అడిగితే అంగడంతా విరగబడి నవ్వింది. కొన్నాళ్లకు ఆ నవ్విన నోళ్లే సామీ అనడం మొదలుపెట్టాయి. చేతికొచ్చే సంపాదన కాలదన్నుకుని మాట మీద నిలబడ్డాడని పక్క ఊళ్లలోనూ చెప్పుకున్నారు. తిప్పయ్య కూడా మారాడు. ఎవరైనా ఏదైనా అడిగితే అరచెయ్యి ఎత్తి కళ్లు మూసుకునేవాడు.

"నోటికి మూత పెట్టినావు గానీ పొగరుకు పెట్టలే" అనేది కదిరమ్మ.

అలాంటి రోజుల్లో ఓబులేసు వచ్చాడు. ఊళ్లో పెద్ద చీనీ తోట, అదే బత్తాయి తోట, ఆయనదే. చెట్లు మంచి కాపు మీద ఉన్నాయి, బోరు మాత్రం సన్నబడింది. సగం చెట్లు వదిలేసుకుంటే మిగతా సగాన్ని బతికించుకోవచ్చు. లేదంటే రోడ్డు పక్కనున్న వేరుశనగ చేను అమ్మి కొత్త బోరు వేయాలి. ఆ చేను తప్ప ఇంకో ఆధారం లేదు.

"నువ్వు ఉండాదంటే వేస్తా, లేదంటే మానుకుంటా" అన్నాడు ఓబులేసు. "నీ మాట మీదనే ఉన్నా తిప్పయ్యా."

తిప్పయ్య అరచెయ్యి ఎత్తాడు. "భూమి లోపల నేను చూడలేదన్నా. చూడనిది చెప్పను."

"ఇన్నేండ్లు చూసే చెప్పినావా?"

అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు తిప్పయ్య ముఖంలోకి చూశారు. తిప్పయ్య కళ్లు మూసుకున్నాడు.

"నీ నియమం నీకు చల్లగుండనీ సామీ" అని ఓబులేసు మోటార్‌సైకిలెక్కి వెళ్లిపోయాడు. అంతటి ఓబులేసునే వెనక్కి పంపించాడని ఆ సాయంత్రం తిప్పయ్యకు ఇంకాస్త పేరొచ్చింది.

ఓబులేసు వేరే ఊరి నుంచి వేపపుల్లతో నీళ్లు చూసే మనిషిని పిలిపించుకున్నాడు. ఆయన పుష్కలంగా ఉన్నాయన్నాడు. చేను చేతులు మారింది. బోరు బండి వచ్చిన రోజు తిప్పయ్య తోటకు పోలేదు. ఇంటి ముందు నుంచే తోట మీద లేస్తున్న తెల్లదుమ్మును చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు తగిలితే దుమ్ము అణిగి బురద చిమ్ముతుంది. పొద్దుగూకినా దుమ్ము అణగలేదు.

ఆ ఎండలకు పాత బోరూ ఆగిపోయింది. ఆకులు ముడుచుకుని రాలాయి. కట్టెల లారీ, రంపం మెషిన్లు తోటలోకి వచ్చాయి. ఓబులేసు, ఆయన భార్య రామసుబ్బమ్మ ఇద్దరూ ఇంటికి తాళం వేసి బెంగళూరులో ఏదో అపార్టుమెంటుకు కాపలాకు పోతున్నారని తెలిసి తిప్పయ్య ఆగలేక తోటకు పోయాడు.

ఓబులేసు కూలిన మాను మీద కూర్చుని ఉన్నాడు, తలెత్తలేదు. రామసుబ్బమ్మ ఎదురొచ్చింది.

"రా సామీ, రా. నీళ్లు లేవని ఇప్పుడన్నా కండ్లారా చూసినావా?"

"నియమం తప్పలేకపోతినక్కా."

"తప్పమని ఎవురన్నారప్పా? గట్టు అవతల గంగాధరప్ప బోర్లు, ఈ పక్క యేసన్న బోర్లు, ఒక్కదాంట్లో చుక్క పడలే. పాయింట్లు పెట్టింది నువ్వు. అవి వేసినప్పుడు బండి కాడ నిలబడి దుమ్ము చూసింది నువ్వు. నీళ్లు ఉండె, వాళ్లకు రాసిపెట్టి లేదంటివి, మేమూ నమ్మితిమి. అవి కండ్లతో చూసినవే కదా? ఆ ఒక్క మాట చెప్పింటే మా చేనన్నా మిగిలేది. దానికి నీ నియమం అడ్డమొచ్చెనా?"

అడ్డం రాలేదు. ఆ రోజు అరుగు మీద కళ్లు మూసుకున్నప్పుడు ఆ బోర్లన్నీ తిప్పయ్యకు వరసగా గుర్తొచ్చాయి. గుర్తొచ్చాయి కాబట్టే మూసుకున్నాడు. వాటి ఊసెత్తితే అక్కడ నీళ్లే లేవని, తన పాయింట్లే తప్పాయని నలుగురి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చేది.

"తెలుసక్కా" అన్నాడు. "నా పేరు పోతాదని చెప్పలే."

రామసుబ్బమ్మ తిట్టలేదు, ఏడవలేదు. పక్కనున్న మొద్దులవైపు చెయ్యి చూపించింది. "అవి లారీకి ఎత్తు. కూలీలు చాలక నిలిచిపోయినాయి."

చీకటి పడేదాకా తిప్పయ్య చీనీ మొద్దులు మోశాడు.

ఇప్పుడు పాయింటు కోసం ఎవరైనా వస్తే ఆయన అరచెయ్యి ఎత్తడు. వచ్చినవాణ్ని గంగాధరప్ప పొలానికి తీసుకుపోయి, రాయి మూసిన బోరు గొట్టం చూపిస్తాడు. "ఇది నేను పెట్టిందే. ఒక్క చుక్క పడలే. పద, ఇంకోటి చూపిస్తా" అంటాడు. రైతు మర్యాదకు ఒకటి రెండు చూస్తాడు. తర్వాత టీ అంగడి దగ్గర ఆగి, నీళ్లున్నాయని చెప్పే మనిషి ఏ ఊళ్లో ఉన్నాడని చెన్నప్పను అడుగుతాడు.