మధ్యాహ్నం సినిమా, పెరటి గడియ

దయ్యాలు లేవని నేను నమ్మడమే కాదు, జీతం తీసుకుని మరీ పిల్లలకి చెబుతాను. ప్రత్తిపాడు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. తలుపు దానంతటదే మూసుకుందని ఎవరైనా అంటే, గాలి ఎటు నుంచి వీచిందని అడిగే రకం. అందుకే ఇది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

మామయ్యగారు పోయి అప్పటికి ఏడు నెలలు. అత్తయ్య ఏడవలేదు. అది చుట్టాలకి వింతగా ఉంది గానీ, నన్ను భయపెట్టింది వేరే సంగతి. ఆవిడ మాట్లాడటం మానేసింది. అంతకుముందు ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినపడేది. ఏ పనైనా మూడుసార్లు చెప్పించుకుంటే తప్ప కదలని మనిషి మామయ్యగారు, అందుకని ఆ గొంతుకి రోజంతా పని ఉండేది. అలాంటి మనిషి పెట్టింది తిని, కంచం కడిగి, గోడకేసి చూస్తూ కూర్చునేది. డాక్టరుగారు బలానికి మాత్రలు రాశారు. బలం వచ్చింది గానీ మాట రాలేదు.

ఆ మాటని తెచ్చింది ఒక నరుకుడు సినిమా.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవాలని టీవీ ముందు ఎండుమిరపకాయలు పోసుకుని ఇద్దరం తొడిమలు తీస్తున్నాం. రిమోట్ మీద నా మోకాలు పడి ఏదో ఇంగ్లీషు సినిమా తెలుగు డబ్బింగులో మొదలైంది. ఊరవతల బంగళా. లోపల మొగుడూ పెళ్ళాం, బయట ముసుగులేసుకున్న ముగ్గురు. పావుగంటలో తోటమాలిని చంపారు, అరగంటకి గొడ్డలి తీశారు. నేను కళ్ళు మూసుకుని రిమోట్ కోసం తడుముతుంటే, పక్కనుంచి ఆ పాత గొంతు లేచింది.

"పెరటి తలుపు గడియ వేసుకోవే, పిచ్చిమొహమా!"

ఆ అమ్మాయి వేసుకోలేదు. దాంతో అత్తయ్య ఆ అమ్మాయిని, మొగుణ్ణి, ఆ ఇల్లు కట్టిన మేస్త్రీని కలిపి తిట్టింది. రిమోట్ చేతికి దొరికినా నేను ఆపలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే సినిమా. మా కేబుల్ వాడి దగ్గర ఆదివారం మధ్యాహ్నాలకి ఉన్నది అదొక్కటే. వేరేది పెడితే ఒప్పుకునేది కాదు. అందులో రక్తం మాత్రం ఆవిడకి నచ్చేది కాదు. రంగు చాలదట, అలాంటి సరుకు మిర్చి యార్డుకి తీసుకెళితే తెల్లబోయిన తాలుకాయల్లో కలిపేస్తారట. మా కాయలు అయిపోయాక, పక్కింటివాళ్ళు తమ కాయలు పట్టుకుని మా హాల్లోకి చేరారు. గొడ్డలి లేచినప్పుడల్లా ఆరుగురు ఆడవాళ్ళు చాటల్లో చేతులు ఆపేసి నోళ్ళు తెరుచుకుని చూసేవారు. కారం చేతులతోనే అత్తయ్య కళ్ళు తుడుచుకునేది. ఆ నీళ్ళు కాయల వల్లో, ఇంకెందుకో నేను అడగలేదు.

హాయిగా సీరియల్ చూడొచ్చు కదా అని మాత్రం ఒకసారి అడిగాను.

"సీరియల్లో వాళ్ళకి మనం చెప్పేదేముందే అమ్మాయ్? వీళ్ళకైతే చెప్పొచ్చు, గడియ వేసుకోమని" అంది.

ఇలాంటి సినిమాలు జనం ఎందుకు చూస్తారన్నదానికి నేను విన్న జవాబుల్లో అదే నయం.

మా ఆయన పత్తి మిల్లులో సూపర్వైజరు. ఆదివారాలు కూడా డ్యూటీయే కాబట్టి ఇవేవీ చూడలేదు. మీ ఇంట్లో మధ్యాహ్నం ఎవరినో నరుకుతున్నారని టీకొట్టు దగ్గర ఎవరో చెప్పారు. అమ్మకి బీపీ ఉంది, ఆ కనెక్షనే పీకించేస్తానన్నాడు. కనెక్షన్ పోతే ఆవిడ మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటుందని నా భయం. ఒక్కసారి మాతో కూర్చుని చూసి, ఆ తర్వాత నీ ఇష్టమన్నాను.

ఆ ఆదివారం సెలవు పెట్టి కూర్చున్నాడు. వేరే ఎవరినీ రానివ్వలేదు. ఇంట్లో మేం ముగ్గురమే. బయట ఆకు కదలడం లేదు. సినిమా మొదలయ్యేముందు నేను పెరట్లో ఆరిన బట్టలు తెచ్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. గడియ పెట్టలేదు. అది నాకు ఖచ్చితంగా గుర్తుంది.

గొడ్డలి బయటికొచ్చేసరికి మా ఆయన దిండుని గుండెలకి హత్తుకున్నాడు. ఆ రోజెందుకో అత్తయ్య సినిమాలో అమ్మాయిని వదిలేసి మొగుడి మీద పడింది.

"లేచి పెరటి తలుపు గడియ వెయ్యవయ్యా."

మా పెరటివైపు టక్కుమంది.

ముగ్గురం విన్నాం. వెళ్ళి చూస్తే గడియ లోపలివైపు పూర్తిగా వేసి ఉంది. అది పైనుంచి పడే గడియ కాదు. పక్కకి జరపాలి. తుప్పు పట్టింది కాబట్టి తలుపుని భుజంతో నెట్టి, రెండు చేతులతో లాగాలి. గాలి తలుపుని మూయగలదు, గడియని జరపలేదు. తర్వాత పాతికసార్లు తలుపు విసిరి చూశాను. ఒక్కసారీ గడియ జరగలేదు.

మా ఆయన టీవీకి దిష్టి తీయాలన్నాడు. ఇంటర్లో నాతో పాటు సైన్స్ చదివిన మనిషి. అత్తయ్య ఉప్పూ, వంటింటి చాటలోంచి ఏడు మిరపకాయలూ తీసుకుని టీవీ చుట్టూ తిప్పింది. ఆ గడియ ముట్టుకోనని ఆయన భీష్మించుకుంటే, నేనే లాగి భుజం నొప్పి తెచ్చుకున్నాను. అత్తయ్య పెరట్లో నీళ్ళపొయ్యి నిప్పుల్లో ఆ కాయలు వేసింది. ఘాటు రాలేదు. మా ఇంట్లో పోపు పెడితే నాలుగిళ్ళ అవతల తుమ్ముతారు. అలాంటిది ముగ్గురం పొయ్యి మీదికి వంగి ఎదురుచూసినా ఒక్క దగ్గు రాలేదు. దిష్టి గట్టిదైతే ఘాటు రాదని మా వైపు లెక్క. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు కాబట్టి అదే చాటలోంచి రెండు కాయలు తెచ్చి వేశాను. పది నిమిషాలు దగ్గలేక చచ్చాం.

దగ్గు తగ్గాక అత్తయ్య చేతులు కడుక్కుని, పెరటి మెట్టు మీద కూర్చుంది. ఆ తలుపు వంక చూస్తూ, మామూలు గొంతుతో అంది.

"నలభై ఏళ్ళు ఈ గడియ మాటే మూడేసి సార్లు చెప్పించుకున్నాడు మీ మామయ్య. ఇవాళ ఒక్కసారికే విన్నాడు."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి, కాయల మీదికి నెట్టడానికి లేదు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కనెక్షన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ గడియ ఎవరు వేశారో నాకిప్పటికీ తెలియదు. క్లాసులో మాత్రం దయ్యాలు లేవనే చెబుతున్నాను. కాకపోతే ఆదివారం మధ్యాహ్నం సినిమా పెట్టేముందు పెరటి గడియ నేనే తీసి వస్తాను. అత్తయ్య ఆ మాట అనే చోటు రాగానే, టీవీ సౌండు బాగా తగ్గించి, పెరటివైపు చెవి పెడతాను.