ఆపు మేడం

మా తమ్ముడి పెళ్లాన్ని స్కూలు పిల్లలు ఆపు మేడం అంటారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆ పేరు మా ఇంటిదాకా మోసుకొచ్చింది నా కూతురే. ఒకరోజు అన్నం తింటూ తింటూ "ఇవాళ ఆపు మేడం మమ్మల్ని..." అని చటుక్కున నాలుక కరుచుకుంది. నా మరదలికి నవ్వొచ్చి పొలమారింది. నేను నెత్తిమీద తట్టాల్సి వచ్చింది.

"పేరేదైతేనేం వదినా, ఆపితే ఆగుతున్నారు. నాకదే చాలు" అంది మంచినీళ్లు తాగి.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. మొగుడు పోయాక నేను తమ్ముడింటికి వచ్చి, ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చున్నాను. స్కూలు పిల్లల నిక్కర్లూ బనియన్లూ నేనే కుడతాను. ఆటల టీచరంటే ఈల ఊదేసి నీడలో కుర్చీ వేసుకునే మనిషి అని అప్పటిదాకా నా అభిప్రాయం. ఈవిడతో ఒకే ఇంట్లో ఉన్నాక ఆ అభిప్రాయం కాస్తా ఎగిరిపోయింది. వాన వెలిసిన మర్నాడు కర్ర పట్టుకుని గ్రౌండంతా పొడుచుకుంటూ తిరుగుతుంది. ఎక్కడ గుంట కనబడితే అక్కడ ఇసుక పోయిస్తుంది. ఒక్కో పిల్ల బూటు ముందుభాగం బొటనవేలితో నొక్కి చూస్తుంది. బిగుతుగా ఉంటే ఆ రోజు పరుగు లేదు. ఎండాకాలం సాయంత్రం అయిదైతేగానీ గ్రౌండు గేటు తీయనివ్వదు.

ఇక ఉరుము సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత దూరాన ఉరిమినా సరే, ఈల మోగాల్సిందే, పిల్లలంతా వరండాలోకి రావాల్సిందే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిస్తేగానీ మళ్లీ గ్రౌండులో కాలు పెట్టనివ్వదు. ఒకసారి బహుమతులిచ్చే రోజున, స్టేజీ మీద పెద్దాయనెవరో మైకు పట్టుకుని ఊపుమీదున్నాడు. ఎక్కడో గుడగుడమంది. ఈవిడ ఈల ఊదింది. రెప్పపాటులో కుర్చీలన్నీ ఖాళీ. ఆయన మైకు పట్టుకుని ఖాళీ కుర్చీలకేసి చూస్తూ నిలబడిపోయాడట. తీరా చూస్తే ఒక్క చినుకు పడలేదు. హెడ్‌మిస్ట్రెస్ చాలా రోజులు ఈవిడతో మాట్లాడలేదు.

"ఏమ్మా, మబ్బుల్ని కూడా ఈలేసి ఆపేస్తావా?" అని నేను ఏడిపించాను.

"పిడుగు అడిగి పడదు వదినా" అంది.

ఆవిడ పెట్టిన రూల్సన్నింటిలోకీ ఆవిడకు ముద్దొచ్చేది ఇంకోటి ఉంది. పరుగెత్తేటప్పుడు తలనొప్పి అన్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా, వాంతి అయిందన్నా ఆ పిల్ల వారం పాటు పక్కన కూర్చోవాలి. అంతకుముందు ఒక్కరోజే ఆపేదట. మర్నాటికల్లా "తగ్గిపోయింది మేడం" అంటూ వచ్చేసేవాళ్లట. అందుకని వారం చేసింది. నాకూ సబబుగానే తోచింది. ఎవరికి మాత్రం తోచదు?

నా కూతురు ఆ స్కూల్లోనే తొమ్మిదో తరగతి. అందరూ తూనీగ అంటారు. అది కుదురుగా నడవగా నేను చూడలేదు. దారం అయిపోయిందే అంటే, నేను సూదిలోని ముక్క లాగి పారేసేలోపల కొట్టుకి వెళ్లి కొత్త ఉండతో గుమ్మంలో ఉండేది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో చుట్టుపక్కల స్కూళ్లలో దాన్ని కొట్టేవాళ్లు లేరు. ఆ ఏడాది పెద్ద పోటీలకు పిల్లల్ని ఎంచుతున్నారు. ఎంపిక ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. దానికి నిద్రలో కూడా పరుగే.

ఆ రోజు ఎండ దిగింది గానీ వేడి దిగలేదు. ఆకు కదల్లేదు. మిషను తొక్కుతుంటే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. గ్రౌండులో నా మరదలు అందరికీ నీళ్లు తాగించి, తడిగుడ్డలిచ్చి, రోజూ పరిగెత్తేదాంట్లో సగమే పరిగెత్తమందట. మధ్యలో తూనీగని ఆపి కళ్లలోకి చూసి "ఎలా ఉందే?" అని అడిగిందట. "సూపర్ అత్తా" అని అది పళ్లన్నీ బయటపెట్టి నవ్విందట. తర్వాతి చుట్టులో మలుపు దగ్గర తిరగాల్సిన పిల్ల తిరగలేదు. తిన్నగా వెళ్లి కంచెకు గుద్దుకుంది. నా మరదలు పరుగున వెళ్లేసరికి "నా పుస్తకాలేవీ, నా పుస్తకాలేవీ" అంటోందట. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

ఆవిడ చేయాల్సినవన్నీ చేసింది. డ్రమ్ములో నీళ్లన్నీ దాని మీద కుమ్మరించింది. కూల్‌డ్రింకుల కొట్లో ఉన్న ఐసంతా తెప్పించి చంకల్లో, మెడకింద పెట్టింది. పిల్లలు చాపలతో విసిరారు. అంబులెన్సులో కూడా తడి ఆరనివ్వలేదు. నేను మెడలో టేపుతోనే ఆస్పత్రికి పరుగెత్తాను. "ఈ మేడం చల్లబరచకపోతే పిల్ల ఇక్కడిదాకా వచ్చేది కాదమ్మా" అన్నాడు డాక్టరు. నేను మరదలి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. గండం గడిచిందనే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

పిల్ల బతికింది. ఇంటికొచ్చింది. గ్లాసు నోటిదాకా ఎత్తితే సగం నీళ్లు ఒడిలో పోసుకుంటుంది. కదిలే బస్సులో నిలబడ్డవాళ్లలా కాళ్లు ఎడంగా పెట్టి, గోడ తడుముకుంటూ నడుస్తుంది. ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు పైకి లాగాలి. తలలో నిలకడ చూసే భాగం ఆ వేడికి మాడిపోయిందట. "కాస్తో కూస్తో కుదుటపడొచ్చు, పరుగు సంగతి మాత్రం మరిచిపోండి" అన్నాడు డాక్టరు. ఆ మాట పిల్ల ముందే అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ!

వీధిలో వాళ్ల సంగతి చెప్పాలా? "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డదట" అంది ఎదురింటావిడ, మా గుమ్మం దాకా వినపడేట్టు. నేను కత్తెర పట్టుకునే బయటికి వచ్చాను. "నీ ఇంట్లో ఏ బల్లీ పడకూడదని దేవుడికి దండం పెట్టుకోవే తల్లీ" అని తలుపు ధడాలున వేశాను. ఏం లాభం? నా మరదలు వంటింట్లో గిన్నె కడుగుతూ వినేసింది. ఆ ఒక్క గిన్నే ఎంతసేపు కడిగిందో!

కొన్నాళ్లకి జట్టు పిల్లలు చూడ్డానికి వచ్చారు. కాసేపు కిచకిచలాడారు. పోయేటప్పుడు జట్టులో పెద్దది, పొడుగు పిల్ల, ఉన్నట్టుండి నా మిషను పట్టుకుని భోరుమంది.

"ఆంటీ, దానికి ముందురోజు నుంచీ జ్వరం. బిళ్ల మింగి వచ్చింది. పరుగు మధ్యలో గ్రౌండు పక్క నీళ్ల ట్యాంకు వెనకాల వాంతి చేసుకుంది. నేనే కాపలా కాశాను."

"కాపలా ఏంటే?" అన్నాను.

అప్పుడు చెప్పింది. జట్టులో చేరిన కొత్తపిల్లకి సీనియర్లు మొట్టమొదట నేర్పే విద్య అదేనట. కడుపులో తిప్పితే ట్యాంకు వెనక్కి వెళ్లాలి. ఒకరు కాపలా ఉండాలి. మొహం కడుక్కుని, పిప్పరమెంటు చప్పరించి, మేడం కళ్లలోకి తిన్నగా చూసి నవ్వాలి. నవ్వు సరిగ్గా కుదిరేదాకా ఒకరి ముందు ఒకరు సాధన కూడా చేస్తారట. చెప్తే వారం పోతుంది. వారం పోతే జట్టులో చోటు పోతుంది.

"ఎప్పట్నుంచి?" అన్న గొంతు వినబడింది. నా మరదలు గుమ్మంలో నిలబడి ఉంది.

"మాకు మా సీనియర్లు నేర్పారు మేడం. వాళ్లకి వాళ్ల సీనియర్లు" అంది పొడుగు పిల్ల తల దించుకుని.

నేను నా కూతురి వైపు తిరిగాను. నాకు ఒళ్లు మండిపోయింది. "నాక్కూడా ఎందుకు చెప్పలేదే? కన్నతల్లిని కదే!" అని అరిచాను.

అది మాటలు కూడదీసుకుంది. "నీకు చెప్తే... నువ్వు అత్తకి... చెప్తావు."

పిల్లలు వెళ్లిపోయాక నా మరదలు నేల మీదే కూలబడింది. "నేను వాళ్లకి జాగ్రత్త నేర్పలేదు వదినా. దాచడం నేర్పాను. నిజం చెప్పిన పిల్లకి శిక్ష వేశాను" అంది. ఆవిడన్నది నిజం కదా మరి! పక్కన కూర్చుని వీపు నిమిరాను, అంతే.

మర్నాడే అసెంబ్లీలో అందరి ముందూ చెప్పిందట: వారం రూలు తీసేశాను, ఒంట్లో బాగోలేదని చెప్పినవాళ్ల చోటు ఎక్కడికీ పోదు, నామీద ఒట్టు అని. ఎవరూ రాలేదు. రోజూ ఇంటికి రాగానే నేను మొహం చూసేదాన్ని, ఆవిడ తల అడ్డంగా ఊపేది. చాలా రోజులకు జట్టులో అందరికంటే చిన్నది, బుడ్డి అంటారు, ధైర్యం చేసి వచ్చింది. "మేడం, తల తిరుగుతోంది" అంది. నా మరదలికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కంచె దగ్గర పడి ఉన్న తూనీగే కళ్లముందు మెదిలిందట. చల్లగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి ఊరుకోలేకపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది, వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. ఆయన అసలే మా సంగతి విని ఉన్నాడు. పిల్లని ఆ రోజుతో ఆటలు మాన్పించేశాడు. బుడ్డి ఏడ్చి గోల చేసి, అన్నం మానేసి, నెల తర్వాత ఎలాగో మళ్లీ జట్టులోకి వచ్చింది. ఆ తర్వాత ఒక్క పిల్ల కూడా నా మరదలి దగ్గరికి వచ్చి నోరు విప్పలేదు. రాత్రిళ్లు ఆవిడ మంచం మీద లేచి కూర్చునేది. "మళ్లీ ఎవరు పడతారో వదినా, ఎవరో తెలియట్లేదు" అనేది. ఆ రోగానికి మందు నా దగ్గర మాత్రం ఎక్కడుంది?

మరుసటేడు స్కూలు పోటీలు వచ్చాయి. చూడ్డానికి వస్తానని తూనీగ పట్టుబట్టింది. తమ్ముడు బండి మీద దింపాడు. షెడ్డు కింద దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. నా మరదలు మా ముందే వంగి ఒక పిల్ల చీలమండకి పట్టీ కడుతోంది. మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. ఎనిమిది వందల మీటర్లకు పిలుపు వచ్చింది. బుడ్డి గీత దగ్గరికి వెళ్లాల్సింది పోయి ట్యాంకు వెనక్కి వెళ్లింది. నేను చూశాను. తూనీగా చూసింది. బుడ్డి మూతి తుడుచుకుంటూ వచ్చి, మావైపు చూసి నవ్వింది.

నా మరదలు తలెత్తింది. బుడ్డి మొహంలో ఆవిడకేం కనబడిందో ఏమో, తూనీగ వైపు తిరిగింది. "ఒసేయ్, ఆ పిల్ల బాగానే ఉందా? నువ్వు చెప్పవే, నీకు తెలుస్తుంది" అంది. నా జన్మలో ఒక పెద్ద మనిషి ఒక చిన్నపిల్లని అలా బతిమాలగా చూడలేదు.

తూనీగ ఆవిడ కళ్లలోకి తిన్నగా చూసింది. "బాగానే... ఉందత్తా" అని నవ్వింది.

"అబద్ధం! వాంతి చేసుకుంది, నేను చూశాను, ఆపండి!" అని అరిచాను. ఈల మోగింది. మొదలవబోతున్న పరుగు ఆగింది. బుడ్డిని చేయి పట్టుకుని నీడలోకి తీసుకొస్తుంటే, అది మా ముగ్గురికేసీ చూసిన చూపు శత్రువుక్కూడా వద్దు.

నా కూతురు నా కొంగు పట్టుకుంది. వణికే చేత్తో రెండుసార్లు జారవిడిచి, మూడోసారి పట్టుకుంది. మాట కోసం చాలాసేపు పెనుగులాడింది.

"ఎందుకు... చెప్పావమ్మా? పాపం... అది పరిగెత్తేది కదా."