ఇస్నాపూర్ యాసలో ఒక ప్రశ్న

మొన్న మా ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త టీవీ పెట్టారు. షిఫ్టుకు వచ్చినవాళ్లందరూ దాని ముందు పది నిమిషాలు నిలబడి జాగ్రత్తలు విని లోపలికి వెళ్లాలి. గొంతు బాగుంది, ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు, కానీ అందులో మాట్లాడే మనిషి ఏ ఊరివాడో ఎంత విన్నా తెలియలేదు. వింటూ వింటూ నేను తొంభైల్లోకి, జిన్నారం దగ్గరి మందుల కంపెనీలో ట్రైనీగా ఉన్న రోజుల్లోకి వెళ్లిపోయాను.

సంగారెడ్డిలో డిప్లొమా చదివిన మూడేళ్లలో నేను రెండు విద్యలు నేర్చాను: ఒకటి కెమికల్ ఇంజనీరింగ్, రెండోది ఇంటి యాసను బస్సులోనే వదిలి క్లాసుకు వెళ్లడం. నా ఈడు వాళ్లలో ఆ రెండో విద్య చాలామందికి వచ్చే ఉంటుంది. ట్రైనింగ్ ముగిసి ఉద్యోగం పర్మినెంటు కావాలంటే ఒక వారం షిఫ్టు మొదట్లో పనివాళ్లకు జాగ్రత్తలు చెప్పి మెప్పించాలి. గోదావరి వైపు నుంచి వచ్చిన మేనేజరు గారు వెనక నిలబడి వినేవారు. పదకొండు అంశాలు వరుసగా కాగితం మీద రాసుకుని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అయిదు రోజులూ అందరూ తలలూపారు, ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి అందరికీ అర్థమైందనే లెక్క వేసుకున్నాను.

అక్కడే ఆపరేటరుగా చేసే మా మేనమామ క్యాంటీన్లో చాయ్ తాగుతూ నవ్వాడు. "ఏంది అల్లుడా, వార్తలు సదివినట్టు సదువుతున్నవ్? వార్తలకు ఎవడన్న ఎదురు అడుగుతడా?"

ఆ మాట గుచ్చుకుంది. ఆరో రోజు కాగితం జేబులో పెట్టేసి, మా అమ్మతో మాట్లాడినట్టే మొదలుపెట్టాను. "ఇగో, ఇయ్యాల ట్యాంకు కడుగుడున్నది. దిగేముందు గాలి పెట్టాలె, మీటరు సూడాలె." మేనేజరు గారి ముఖం చూసే ధైర్యం లేకపోయింది. అప్పుడు, ఒడిశా నుంచి వచ్చి ఏడాదైన పనివాడు చెయ్యెత్తాడు.

"మీటరెందుకు సార్? వాసన పోయిందంటే గాలి బంద్ జేసి దిగుతున్నం గద."

దిగడం ఆపించి, మీటరు పెట్టి చూస్తే లోపల ఆక్సిజన్ చాలినంత లేదు. మళ్లీ గాలి పట్టించి, మీటరు సరే అన్నాకే మనుషులను దింపాము. మేనేజరు గారు నా పర్మినెంటు కాగితం మీద సంతకం చేస్తూ, "రేపట్నుంచి ఇలాగే మాట్లాడవయ్యా, నాక్కూడా బాగానే అర్థమైంది" అన్నారు.

ఆ సంతకం కన్నా నాకు గర్వంగా అనిపించింది ఆ ఒడిశా పనివాడి యాస. అది ఇస్నాపూర్‌లో అతడు కిరాయికుండే ఇంటి ఓనరమ్మది, అచ్చంగా ఆమెదే. ఆ రోజే నోట్‌బుక్‌లో ఒక పేజీ తెరిచి, ఎవరి తెలుగు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాయడం మొదలుపెట్టాను. బీహార్ వెల్డరుది పటాన్‌చెరు కూరగాయల అంగడిది. శ్రీకాకుళం ఫిట్టరు నోట్లో 'జల్దీ' మా మామది. చివరి వరుసలో నా పేరు రాసి, ఎదురుగా 'అమ్మ' అని రాసుకున్నాను.

ఇప్పుడు మూడు షిఫ్టులూ ఆ టీవీ ఒక్క తప్పూ లేకుండా చెబుతోంది, అందరూ తలలూపి లోపలికి వెళ్తున్నారు. అది ఆగిపోయాక కూడా నేను దాని పక్కనే కాసేపు నిలబడుతున్నాను, ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని.